పదకొండు బండలు

నోటీసు బోర్డులో కాగితం అంటించినారు:
పన్నెండో తేదీలోపు గదులు ఖాళీ చేయవలెను.
కింద మేనేజరు సంతకం. దాని కింద ఎవరో పెన్సిలుతో:
"ఆరోజు టీ ఉంటుందా?"

నాలుగు నెలలంట.
పైపులు మారుస్తారు, వైర్లు మారుస్తారు,
బాత్రూముల్లో పట్టుకోను స్టీలు కడ్డీలు వేస్తారు,
లిఫ్టు వస్తుందంట, నేలంతా కొత్తదంట.
నాలుగు నెలలని ఆ ఇంజనీరు పిల్లోడు
ఎంత తేలిగ్గా అనేసినాడో!
మా దగ్గర ఉండేది చిల్లర, అబ్బోడా.
నోట్లు ఎప్పుడో మార్చేసుకున్నాం.

రాసే పని నాది.
కడప పెద్దాసుపత్రి స్టోర్సులో ముప్పైరెండేండ్లు
సీసాలకూ బస్తాలకూ చీటీలంటించిన చెయ్యి.
ఇప్పుడు మంచానికొకటి, ట్రంకుపెట్టెకొకటి.

ఏడో గది, ఓబుళమ్మ: ఇనప కుర్చీ, ఒక కాలు పొట్టి.
మూడో గది, జేమ్సు సారు: పుస్తకాలు, తడవరాదు.
పద్నాలుగు, మస్తానమ్మ: చేటలు రెండు.
చేటలెందుకమ్మా ఇప్పుడు, బియ్యం చెరిగే పనే లేదు కదా అంటే
నా మొగం చూసి ఊరుకుంది.
రాసేసినాను.
స్టోర్సు రిజిస్టరులో ఎందుకు అనే గడి ఉండదు.

తొమ్మిదో గదిలో మాత్రం పని సాగలేదు.
దస్తగిరి మంచం మీద కూర్చోని
చేతికర్రతో నేలను కొడతాండాడు,
దెబ్బదెబ్బకూ తల వంచి వింటాండాడు.
ఎర్రగుంట్ల గనుల్లో పొరలు లేపిన మనిషి,
చూపు పోయి ఆరేండ్లు.
"ఇది గట్టిది. ఇదీ గట్టిదే. ఇది గుల్ల,
ఇసుక ఎగ్గొట్టినాడు దొంగ నాకొడుకు" అని
ఎన్నడో మట్టిలో కలిసిన మేస్త్రీని ఈరోజు తిడతాడు.

"మంచం కాడ్నుంచి బాత్రూముకు పదకొండు బండలు.
ఏడోదాని మూల ఇరిగింది, బొటనేలికి తగుల్తాది.
ఆడ ఎడమకు తిరగల్ల.
అంతా నున్నగా టైల్సు పరిస్తే
నేను యాడ తిరగల్ల?"

పిల్లోడి చేతిలో ఎర్ర చుక్క వేసే మిషను.
గోడ మీద చుక్క, మళ్ళీ ఇంకో గోడ మీద చుక్క,
"పదహారడుగుల నాలుగంగుళాలు తాతా" అన్నాడు.
"పదకొండు బండలు" అన్నాడు దస్తగిరి.
నేను రెండూ రాసుకున్నాను.

"బూట్లిప్పు."
"ఎందుకు తాతా?"
"ఇప్పు. కండ్లు మూసుకో. నడువు."

నడిచినాడు పాపం, చేతులు ముందుకు చాపి.
మూడో బండ మీద బీరువాకు మోకాలు తగిలింది.
ఐదో బండ మీద ఆగి "ఇంకా ఎన్ని?" అన్నాడు.
వాకిట్లో ఓబుళమ్మ నవ్వింది.
నోటీసు అంటించినాక ఆమె నవ్వడం అదే మొదలు.
ఏడోదాని కాడ వాడు కిందికి చూడలేదు,
కండ్లు మూసుకునే కాలితో వెతికినాడు,
దొరికింది.
ఎడమకు తిరిగినాడు.

కండ్లు తెరిచి, సాక్సు దులుపుకుంటా
"డ్రాయింగులో లేదు తాతా, సారునడిగి చూస్తా" అన్నాడు.
అంతకంటే మాటియ్యలేదు.
పోతా పోతా సున్నపు ముక్కతో
అన్ని బండల మీదా అడ్డగీతలు గీసినాడు, తీసేయాలని.
ఏడోదాని మీద గీసినట్టే వంగి, లేచిపోయినాడు.

నేనొక చీటీ రాసి గమ్ముతో అంటించినాను:
తొమ్మిదో గది, దస్తగిరి: బండ ఒకటి, మూల విరిగినది. పారవేయరాదు.

చెన్నూరు రోడ్డులో కల్యాణమండపం మాట్లాడినారు.
పెండ్లిళ్ళ సీజను కాదని అద్దె తగ్గించినారంట.
నలభై ఒక్కమందిమి వేదిక కింద వరసగా పడుకుంటాం,
మా తలల మీద ఎవరి పెండ్లివో జిగినీ తోరణాలు.

పేర్ల పట్టీలో చివరి గడి: తిరిగి వచ్చు తేదీ.
మేనేజరు అందరికీ ఒకటే తేదీ వేసినాడు.

"సుగుణమ్మా, నీ పెట్టెకు చీటీ యాడ?" అంటాడు.
గమ్ము అయిపోయింది సార్, అన్నాను.

సగం సీసా ఉంది ఇంకా.